అద్దాలతో తెచ్చిన ఎండ

ఒక సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ ఒక్క గంట గురించి రాయలేదు. క్యోటోలో నేను బస చేసిన ఇంటి నుంచి చెప్పాపెట్టకుండా పారిపోబోయాను. పెట్టె సర్దేశాను. దిండు మీద చీటీ పెట్టాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

ఆఫీసులో అడిగినవాళ్ళకు గుళ్ళ ఫొటోలు, వెదురు తోట ఫొటోలు చూపించి తప్పించుకున్నాను. నన్ను మాట్లాడించడం కష్టమని వాళ్ళకు తెలుసు కాబట్టి ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. రాయడం మాత్రం నాకు చేతనవుతుంది. అందుకని మొదటి నుంచీ రాస్తున్నాను.

గచ్చిబౌలి

మా ఆఫీసు పని మీద మూడు వారాలు క్యోటోలో ఉండాల్సి వచ్చింది. మే నెల. హోటళ్ళు దొరకలేదు. అక్కడి క్లయింటు ఆఫీసులో ఒకావిడ తన స్నేహితురాలి ఇంటి గురించి మెయిల్ పెట్టింది. చాలా పాత ఇల్లు, బాగు చేయించి అతిథులకు ఇవ్వాలనుకుంటున్నారు, ఇంకా తెరవలేదు, మీరు మొదటి అతిథిగా ఉండి లోపాలుంటే చెబుతారా అని. లోపాలు చెప్పడం నా వల్ల కాని పని. హోటల్లో అన్నం మరీ మెత్తగా ఉడికిందని చెప్పలేక తినేసే మనిషిని. అయినా పాత ఇల్లు అన్న మాట చూసి సరేనన్నాను.

ప్రయాణానికి ముందు అమ్మ నా పెట్టెలో మామిడికాయ తొక్కు సీసా పెట్టింది. పక్కనే పసుపు పొట్లం, కుంకుమ డబ్బీ.

"పసుపెందుకమ్మా? ఎయిర్‌పోర్టులో అడుగుతారు."

"అడిగితే పసుపని చెప్పు. గంజాయి గిట్ల తీస్కపోతున్నవా ఏంది? ఏల్లు తెగితే పెట్టుకోవాలె. ఉండనియ్."

కూకట్‌పల్లి నుంచి వచ్చే నా పక్క సీటు శ్రావణిది భీమవరం. ఆమె రెండు డబ్బాల పూతరేకులు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "అక్కడ ఎవరితోనూ మాట్లాడరు కదండీ మీరు. ఇవైనా చేతిలో పెట్టి రండి సంధ్యగారూ, మన పరువు దక్కుతుంది" అంది.

మా ఇంటి గురించి ఒక ముక్క చెప్పాలి. మాది ఇక్కడి ఊరే. ఐటీ ఆఫీసులు మా పొలాల దాకా వచ్చేశాక, నేను ఇంటర్లో ఉండగా, మా పెంకుటిల్లు కొట్టేసి ఐదంతస్తుల హాస్టల్ కట్టాం. కింద నాలుగంతస్తుల్లో ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు. పైన మేం. మా తలుపు కింద గడప అంటూ లేదు, వేలెడు మందం గ్రానైటు పట్టీ ఉంటుంది. కూకట్‌పల్లి బజార్లో పసుపు రంగు మీద ఎర్ర బొట్లు వేసిన ప్లాస్టిక్ స్టిక్కర్లు అమ్ముతారు. అమ్మ ఏటా శ్రావణమాసంలో పాతది పీకి కొత్తది అతికిస్తుంది. పీకేటప్పుడు "ఇదొక గడప, నేనొక ఇంటిదాన్ని" అని తనమీద తనే నవ్వుకుంటుంది.

ఈలు చేప పడక

క్యోటోలో ఆ ఇల్లు పట్టు నేసేవాళ్ళ పేటలో ఉంది. ముందు నుంచి చూస్తే ఏమీ లేదు. సన్నని చెక్క చువ్వల కిటికీ, జారే తలుపు, ముందుకు వాలిన చూరు. మన ఆటో అడ్డంగా పెడితే ఇంటి ముఖం మూసుకుపోతుంది. లోపలికి వెళ్తే మాత్రం వెళ్తూనే ఉంటాం. గది వెనక గది, దాని వెనక ఆకాశం కనిపించే చిన్న పెరడు, మళ్ళీ గది, చివర మగ్గాలు ఉన్న పెద్ద గది. ఇలాంటి ఇళ్ళను ఈలు చేప పడక అంటారని ఇంటావిడ హరుకో గారు చెప్పారు. ఈలంటే పాములా పొడుగ్గా ఉండే చేప.

హరుకో గారికి అరవై దగ్గర పడుతున్నాయి. స్కూలు లైబ్రరీలో పనిచేసి మానేశారు. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా తూచి మాట్లాడతారు. నేనూ అంతే కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది. ఒక్కోసారి టీ తాగుతూ పావుగంట మౌనంగా కూర్చునేవాళ్ళం. మా ఇంట్లో పావుగంట మౌనంగా ఉంటే ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూస్తారు.

మూడో రోజు టీ దగ్గరే ఆవిడ అసలు సంగతి చెప్పారు. ఇల్లు ఆవిడకూ అన్నగారు తకేషికీ ఉమ్మడిది. ఆయన నగోయాలో ఉంటారు. అమ్మేద్దామన్నది ఆయన మాట. కొనేవాళ్ళు కూడా సిద్ధంగా ఉన్నారు, ఇల్లు పడగొట్టి కార్లు నిలిపే జాగా చేస్తారు. హరుకో గారు బతిమాలితే ఆయన ఒక అవకాశం ఇచ్చారు. బాగు చేయించు, నేనొచ్చి చూస్తాను, ఈ ఇంట్లో మళ్ళీ మనుషులు మసలుతారని నాకు అనిపిస్తే ఉంచుదాం, లేకపోతే సంతకం పెడదాం అని. ఆయన వచ్చేది నా రెండో వారాంతంలో, ఆదివారం.

"మీరు ఉండగా వస్తారు. మొదటి అతిథి ఉన్న ఇల్లు చూస్తారు. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను" అని ఆవిడ తలవంచారు. నేనూ తలవంచాను. ఎంతసేపు వంచాలో తెలియక ఆవిడ లేచాక కూడా వంచే ఉన్నాను.

ఎదురుగా ఇంతకుముందు ఇలాంటి ఇల్లే ఉండేదట. ఇప్పుడు అక్కడ తారు నేల, తెల్ల గీతలు, నాలుగు కార్లు.

వడ్రంగి, టోఫూ, తొక్కు

ఇంటిని బాగు చేస్తున్నది ఒకుదా అనే పెద్దాయన. డెబ్బై దాటాయి. ఉదయం ఎనిమిదికి వచ్చి, తన రంపాలకూ చిత్రికలకూ ఒకసారి దండం పెట్టినట్టు తల ఆడించి పని మొదలుపెట్టేవారు. మన దసరా ఆయుధపూజ ఆయన రోజూ చేస్తున్నట్టు అనిపించింది. అడుగు పుచ్చిపోయిన స్తంభాలను ఆయన తీసేయలేదు. పుచ్చిన మేర కోసి, కింద కొత్త చెక్కను ఒకదాంట్లో ఒకటి ఇరికేలా అతికారు. మేకు లేదు. పాతది నల్లగా, కొత్తది తెల్లగా స్పష్టంగా తెలుస్తాయి. రంగు వేసి కలిపేయొచ్చు కదా అని ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగాను. ఫోన్ ఆయన జవాబు చదివింది: "అలా చేస్తే నేను అబద్ధం చెప్పినట్టు."

ఉదయాలు మూడిళ్ళ అవతల టోఫూ కొట్టుకు వెళ్ళేదాన్ని. నీళ్ళ తొట్టిలో తెల్లటి సోయా పనీరు పలకలు తేలుతుంటాయి. పలక రెండు వందల యెన్లు. మన డబ్బుల్లో నూరు రూపాయల పైమాటే. మా వీధిలో పనీరు ధరతో పోల్చుకుని సరిపెట్టుకున్నాను. కొట్టావిడ నన్ను చూస్తే తల ఊపేది, అంతే. మాట లేదు. ఈ వీధికి నేను నచ్చలేదేమో అనుకున్నాను.

అన్నంలోకి అమ్మ తొక్కు ఉంది కాబట్టి బెంగ లేదు. హరుకో గారు ఒకరోజు అన్నం తినే పుల్లల కొసతో కాస్త రుచి చూసి, మూడు గ్లాసుల నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ కొంచెం" అన్నారు.

రైళ్ళలో నిశ్శబ్దానికి మాత్రం అలవాటు పడలేకపోయాను. మియాపూర్ మెట్రో ఎక్కితే దిగేలోపు ఎవరి పెళ్ళి ఎందుకు ఆగిందో పూర్తిగా తెలిసిపోతుంది. అక్కడ పెట్టె నిండా జనం ఉన్నా నా ఊపిరి నాకే వినిపించేది.

శుక్రవారం

ఆ శుక్రవారం మాకు మధ్యాహ్నం నుంచే పని. తలస్నానం చేశాను. హరుకో గారు బజారుకు వెళ్ళారు. ఒకుదా గారు రాలేదు. ఇల్లంతా నేనొక్కదాన్నే.

తలుపు దగ్గర కూర్చుని గడప చూస్తున్నాను. వచ్చినరోజే హరుకో గారు చెప్పారు, దాని మీద కాలు పెట్టకూడదు, కూర్చోకూడదు అని. మా నాయనమ్మ కూడా సరిగ్గా ఈ రెండు మాటలే చెప్పేది. బయటివైపు వెడల్పాటి చెక్క, రంగు లేదు, మెరుగు లేదు. పట్టునూలు మూటలు లాగి లాగి మధ్యలో గుంట పడింది. ఎన్ని తరాలు లాగితే అంత గుంట పడుతుంది! వేళ్ళు పెట్టి తడిమాను. పట్టులా ఉంది.

పెంకుటిల్లు పోయాక నేను చెక్క గడప ముట్టుకోవడం అదే మొదలు. ఎందుకు చేశానని అడిగితే ఇంతకు మించి కారణం చెప్పలేను. లేచి వెళ్ళి పసుపు పొట్లం తెచ్చాను. నీళ్ళతో కలిపి ఈ చివర నుంచి ఆ చివరకు పట్టించాను. కుంకుమ బొట్లు పెట్టాను. ఎంత ముద్దుగా ఉందో! రెండు నిమిషాలు చేతులు కట్టుకుని చూసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఇది మా ఇల్లు కాదు. ఆదివారం ఆయన వస్తున్నాడు.

తుడిచాను. బొట్లు పోయాయి గానీ పసుపు అప్పటికే చెక్కలోకి దిగింది. కంగారులో చేతులు కడుక్కునే సబ్బు తెచ్చి రుద్దాను. రుద్దుతుండగానే నా కళ్ళముందే అది ఎర్రబడింది. గడప మొత్తం పెళ్ళికూతురి పాదంలా అయింది.

అప్పుడే పెట్టె సర్దింది. క్షమించండి అని చీటీ రాశాను. స్టేషన్ దగ్గర ఏదో ఒక గది తీసుకుని, తర్వాత మెయిల్ పెడదామనుకున్నాను. మొహం చూసి చెప్పడం కన్నా అది సులువు. చెప్పులు వేసుకుని తలుపు దాకా వచ్చాను. బయటికి పోవాలంటే ఆ ఎర్ర గడపే దాటాలి. కాలు లేవలేదు.

అలా నిలబడి ఉండగా హరుకో గారు ఉల్లికాడల కట్టతో వచ్చేశారు. ఆవిడ గడప చూడలేదు. నా పెట్టె చూశారు. మొహం పాలిపోయింది.

"గది బాగాలేదా? నా ఇంట్లో ఏం లోపం?" అని అడిగారు.

మొదటి అతిథి పెట్టెతో వెళ్ళిపోతుంటే ఆవిడకు ఏమనిపిస్తుందో నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ ఇల్లు కాదు. నేను" అని వేలితో కిందకు చూపించాను. ఏడుపొచ్చేసింది.

ఆవిడ వంగి చూశారు. చాలాసేపు చూశారు. "పరవాలేదు" అన్నారు. కాసేపాగి మళ్ళీ "పరవాలేదు". మూడోసారి కూడా అదే మాట అని, గడప దాటి లోపలికి వెళ్ళారు. మా అమ్మ అయితే వీధంతా వినపడేలా తిట్టేది, పదినిమిషాల్లో అయిపోయేది.

అమ్మ ఫోన్

ఆఫీసుకు సెలవు చెప్పాను. కబురు పెడితే ఒకుదా గారు వచ్చారు. గడప వాసన చూశారు, గోటితో గీకారు. చిత్రిక పడితే ఒక పొరలో పోతుంది అన్నారు. కానీ మరకతో పాటు ఆ గుంట నునుపు కూడా పోతుంది, పట్టమంటారా అని హరుకో గారిని అడిగారు. ఆవిడ వద్దని తల ఊపారు. ఆ గుంట వాళ్ళ నాన్న, తాతల చేతులది. ముగ్గురం గడప చుట్టూ కూర్చున్నాం.

దిక్కుతోచక అమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పారిపోబోయిన మాట వదిలేసి మిగతాదంతా చెప్పాను.

"సబ్బు పెట్టినవా?" అమ్మ అరిచిన అరుపుకు ఒకుదా గారు ఉలిక్కిపడ్డారు. "పసుపుల సున్నం గలిస్తే పారాణి ఐతదని తెల్వదా? సబ్బు గూడ గంతే. ఇంజనీరింగ్ సదివినవ్! ముందుగాల మంచినీళ్ళతోని కడుగు. ఇంత నిమ్మకాయ పిండు. ఎర్రదనం పోయి పసుపు మిగుల్తది."

"ఆ పసుపెలా పోతుంది?"

"ఎండకు పోతది. నీ తెల్ల చున్నీ మీద పప్పుచారు పడితే దండెం మీదెయ్యలేదా? రెండు దినాలల్ల పోలేదా?"

"ఇక్కడ గడప మీద ఎండ పడదమ్మా. చూరు ముందుకు ఉంది. సూర్యుడు నెత్తి మీద ఉంటున్నాడు."

"ఎదురుంగ ఏమున్నది?"

"కార్లు పెట్టే జాగా."

"ఆడ ఎండున్నదా?"

"ఉంది."

"మరింకేంది? అద్దం పట్టు. మీ తాత బాయిల పూడిక తీస్తుంటే పైన ఒకలు అద్దం పట్టుకొని నిలవడెటోల్లు, లోపట ఎలుగు పడాలని. ఒక్కటి సాలదు. నాలుగైదు పెట్టుర్రి, అన్నీ ఒక్క తాన్నే పడాలె." కాస్త ఆగి గొంతు తగ్గించింది. "ఆమె ఉన్నదా ఆడ? తప్పైందని చెప్పు. పొట్లం పెట్టింది నేనే. నా బిడ్డకు మాటలకే సిగ్గు గని చేతులకు సిగ్గు లేదని చెప్పు."

చివరి వాక్యం తర్జుమా చేయడానికి నాకు చాలాసేపు పట్టింది. హరుకో గారు విని, ఆ రోజు మొదటిసారి నవ్వారు. బావి, అద్దం అని చెప్పగానే ఒకుదా గారు తొడ మీద చరుచుకుని నిమ్మకాయ కోసం లేచారు.

నిమ్మరసానికి ఎరుపు నిజంగానే పోయింది. నిండు పసుపు మిగిలింది.

శనివారం, వాన

తెల్లవారి నుంచి వాన. ఇంట్లో ఉన్నది ఒకే అద్దం, హరుకో గారి అమ్మది, అరచేయంత. ఇరుగుపొరుగును అడుగుదామా అంటే ఆవిడ మొహం పక్కకు తిప్పుకున్నారు.

అక్కడ ఇంటి పని మొదలుపెట్టే ముందు వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి, చిన్న తువ్వాలు చేతిలో పెట్టి, చప్పుడు చేస్తాం మన్నించండి అని చెప్పుకుంటారట. హరుకో గారు చెప్పుకున్నారు, నాలుగు నెలలు అని. ఇప్పటికి పది నెలలైంది. రోజూ సుత్తి దెబ్బలు, దుమ్ము. ఆర్నెల్లుగా తలెత్తి ఎవరినీ పలకరించలేకపోతున్నారు. టోఫూ కొట్టావిడ నాతో ఎందుకు మాట్లాడదో అప్పుడు అర్థమైంది. మా గచ్చిబౌలిలో ఎవరైనా సుత్తి చప్పుడుకు క్షమాపణ చెప్పాలంటే ఊరంతా రోజంతా చెప్పుకుంటూ తిరగాలి.

"నేను వెళ్తాను" అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఫోన్, గొడుగు, శ్రావణి ఇచ్చిన పూతరేకులు. టోఫూ కొట్టు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి మూడోసారి లోపలికి వెళ్ళాను. పూతరేకు చేతిలో పెడితే ఆవిడ మర్యాదగా పై కాగితం తీసింది. లోపల మళ్ళీ కాగితంలాంటిది కనిపించింది. అదీ తీయబోయింది. అది విరిగింది. లోపలిది ఎక్కడుందా అని పొర మీద పొర విప్పుతూ పోతే బెల్లం పొడి గౌను మీద రాలింది.

"అదే, అదే తినేది!" అని తెలుగులో అరిచాను.

ఫోన్ ఏం చెప్పిందో గానీ ఆవిడ ఒక పొర నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. "బియ్యమా?" బియ్యమే అన్నాను. మిగతాదంతా నమిలేసి, వేళ్ళు నాకి, అప్పుడు కుర్చీ లాగి కూర్చోమంది. గడప సంగతంతా చెప్పాను. దాచకుండా చెప్పాను, ఆదివారం ఏం తేలాలో అది కూడా.

ఆవిడ అడిగింది ఒకటే. "హరుకో ఎందుకు రాలేదు?"

"సిగ్గుపడుతున్నారు" అన్నాను. "నాకు తెలుసు, నేనూ అలాంటిదాన్నే."

ఆరిళ్ళు తిరిగాను. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. వీధి చివర మంగలి షాపు మూసేసిన ముసలాయన ఉన్నారు. గోడకు నిలువెత్తు అద్దం అలాగే ఉంది. పూతరేకు తిన్నారు, అద్దం వైపు చూశారు, ఎండ వస్తుందో లేదో అన్నారు. వస్తాననలేదు, రాననలేదు.

ఆదివారం

ఎండ వచ్చింది. పది గంటలకు కార్ల జాగాలో నేను, ఒకుదా గారు, హరుకో గారు, ఒకుదా గారు తెచ్చిన రెండింటితో కలిపి మూడు అద్దాలు. అద్దంలో పడ్డ ఎండ వీధి దాటి చూరు కిందకు వెళ్ళి గోడ మీద బిళ్ళలా వణికింది. దాన్ని గడప దాకా దించడానికి చేతులు లాగేశాయి.

టోఫూ కొట్టావిడ గుండ్రటి అద్దంతో వచ్చింది. హరుకో గారి ముందు నిలబడింది. హరుకో గారు నడుము దాకా వంగారు. ఆవిడ "పది నెలలు!" అని ఒక్క మాట అని, పక్కన నిలబడి అద్దం తిప్పింది. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. చివరకు మంగలి తాత, తోపుడు బండి మీద దుప్పటి పరిచి నిలువుటద్దాన్ని పడుకోబెట్టి తోసుకుంటూ వచ్చారు. ఒకుదా గారు పరుగెత్తి పట్టుకున్నారు. ఆ అద్దం ఎత్తిపెట్టగానే చూరు కింద చీకటంతా వెలిగిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇక మాటలు మొదలయ్యాయి. ఫోన్ పట్టుకునే చేయి ఖాళీ లేదు కాబట్టి నాకు అర్థమైంది కొంచెమే, హరుకో గారు మధ్యమధ్య చెప్పింది. ఆ ఇంట్లో మగ్గాలు ఆగిన రోజు నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదని మంగలి తాత అన్నారట. టోఫూ కొట్టావిడ కూడా పెళ్ళికి ముందు ఆ వెనక గదిలో నూలు చుట్టిందట. బల్లలు వచ్చాయి, టీ వచ్చింది. ఒకరు తాగుతుంటే ఒకరు రెండు అద్దాలు పట్టేవారు.

మధ్యాహ్నం అయ్యేసరికి పసుపు సగం పైగా పోయింది. అందరం గడప వైపే చూస్తున్నాం. నా చేయి తిమ్మిరెక్కి అద్దం ఒరిగింది. ఆ వెలుగు సరిగ్గా ఒక పెద్దమనిషి మొహం మీద పడింది. ఆయన చేయి అడ్డం పెట్టుకుని వీధిలో ఆగిపోయారు. రెండు గంటలకు రావాల్సిన తకేషి గారు రెండు గంటల ముందే వచ్చారు.

ఏడుగురం అద్దాలతో అలాగే ఉండిపోయాం. హరుకో గారు నోరు తెరిచేలోపు నేను ముందుకు వెళ్ళాను. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. నేను ఈ ఇంటి మొదటి అతిథిని, గడప పాడుచేసింది నేను, మీ చెల్లెలు కాదు అని చెప్పాను. మా దగ్గర శుక్రవారం గడపకు పసుపు రాస్తామని చెప్పాను.

"మీ ఇంటి గడప కూడా ఇలాంటిదేనా?" అని అడిగారు.

అవునని చెప్పి ఉండొచ్చు. హరుకో గారికి మేలు జరిగేది. నోట రాలేదు.

"ఉండేదండీ. ఇల్లు కొట్టేసి హాస్టల్ కట్టాం. ఇప్పుడు ప్లాస్టిక్ స్టిక్కరు అతికిస్తాం."

"ఆ చెక్క ఏమైంది?"

"తెలియదు. పాత సామాన్లవాడు తీసుకుపోయాడు. కాలేజీ నుంచి వచ్చేసరికి లేదు. ఆ హాస్టల్ డబ్బుతోనే నేను చదువుకున్నాను. తప్పు చేశామని కూడా అనలేను."

నేనే అంతా చెడగొట్టానని అనుకున్నాను.

ఆయన వీధి దాటి ఇంటి ముందు గొంతుక్కూర్చున్నారు. అందరి అద్దాల ఎండా ఆయన చేతుల మీద పడింది. గుంటలో వేళ్ళు పెట్టారు. తర్వాత, బ్యాగు పక్కన పెట్టి, గడప మీద చతికిలబడ్డారు.

కార్ల జాగా నుంచి మంగలి తాత పెద్దగా కేక వేశారు. అందరూ ఘొల్లున నవ్వారు. తకేషి గారు దిగ్గున లేచి నిలబడ్డారు, చెవుల దాకా ఎర్రబడి. హరుకో గారు నవ్వాపుకుంటూ నాకు చెప్పారు: "తకేషీ, అక్కడ కూర్చోవద్దని మీ నాన్న ఎన్నిసార్లు మొట్టాడురా నిన్ను, అంటున్నారు."

ఆయన కోటు విప్పి నిలువుటద్దం దగ్గరకు వచ్చి మంగలి తాతను బల్ల మీద కూర్చోబెట్టారు. ఎండ తప్పుకునేదాకా ఆ అద్దం ఆయనే పట్టారు. చెల్లెలితో ఒక్క మాటా మాట్లాడలేదు. సాయంత్రం ఇల్లంతా తిరిగారు. ఒకుదా గారు అతికిన స్తంభాల దగ్గర ఎక్కువసేపు ఆగారు. గడప మీద లేత పసుపు ఛాయ ఒకటి మిగిలింది, చూడాలని చూస్తే తప్ప తెలియదు.

రైలు వేళకు బయల్దేరుతూ చెల్లెలికి తల వంచారు. నా దగ్గరకు వచ్చారు. ఆ తర్వాత ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు. వీధి మలుపు వైపు చూస్తూ, రోజూ మాట్లాడుకునే విషయంలాగే చెప్పారు:

"ఈసారి జనవరిలో రండి. అప్పుడు సూర్యుడు కిందుగా ఉంటాడు. అద్దాలు అక్కర్లేదు, ఎండ దానంతట అదే గడప దాకా వస్తుంది."